పొలుసు చర్మం శాపం కాదు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ రోజున హాస్టల్ వాళ్లు చర్మం గురించి మాట్లాడతారేమిటి అనుకోకండి. ఒక పిల్ల విషయంలో మేము చేసిన తప్పు చెప్పి, ఆ తప్పు నుంచి నేర్చుకున్నది మీకు అప్పజెబుతాం.

లంబసింగి వైపు డిసెంబరు చలి మీకు తెలిసిందే. ఆ చలిలో మా ఏడో తరగతి పిల్లకు కాళ్ల మీద చర్మం చేప పొలుసుల్లా లేచేది. పక్క పిల్లలు అంటుకుంటుందని భయపడ్డారు. మేమూ గజ్జేమో అనుకున్నాం. మరిగే నీళ్లు, ఘాటు సబ్బు పెట్టి పీచుతో రుద్దించాం. మంచం దూరంగా జరిపాం. భోజనాల దగ్గర చివర కూర్చోబెట్టాం. సంక్రాంతికి ఇంటికి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు.

మేము ఊరికి వెళ్లాం. తల్లి తన అరచేతులు చాపి చూపించింది. చెయ్యి నిండా లోతైన గీతలే. "మా యమ్మకీ ఇలాగే ఉండీది మేడమ్. మేమెవరం దీన్ని రోగమనుకోలేదు. మీ దగ్గరికొచ్చాకే మా గుంట రోగిష్టిదైపోయింది" అంది. మాకు జవాబు లేకపోయింది.

తల్లినీ పిల్లనూ చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అరచేతి గీతలు చూసి, మోకాలి మడతల్లో చర్మం మామూలుగా ఉండడం గమనించి, 'ఇక్తియోసిస్ వల్గారిస్' అన్నారు. గ్రీకులో ఇక్తిస్ అంటే చేప. పుట్టుకతో వచ్చే గుణం, ఎవరికీ అంటదు అన్నారు. ఇంగ్లండులో బడి పిల్లలను పరీక్షించినప్పుడు సుమారు 250 మందిలో ఒకరికి ఇది కనిపించింది.

బి.ఎడ్.లో జీవశాస్త్రం చదివినవాళ్లం కదా, కారణం వెతికాం. స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయంలో అర్విన్ మెక్‌లీన్ అనే జన్యు శాస్త్రవేత్త ఉండేవారు. 2006లో ఆయన, ఫ్రాన్సెస్ స్మిత్, తోటివారు కలిసి 15 కుటుంబాలను పరిశీలించి, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపమే దీనికి కారణమని తేల్చారు. ఆ జన్యువును చదవడం చాలా కష్టం. దాదాపు ఒకేలా ఉండే భాగం అందులో పది పన్నెండుసార్లు వరసగా వస్తుంది. ఒక తప్పు జన్యువు ఉంటే పొలుసులు తక్కువ, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే ఎక్కువ. ఐరోపా వాళ్లలో సుమారు 9 శాతం మందిలో ఇలాంటి జన్యువు ఉంది. తామరకు, అంటే ఎగ్జిమాకు, కూడా ఇది దారి తీస్తుందని అదే ఏడాది చూపించారు.

ఈ ప్రోటీన్ చేసే పని వినండి. ముందు చర్మ కణాల్లోని కెరాటిన్ పోగులను కట్టలు కట్టి పైపొరను గట్టిపరుస్తుంది. తరవాత పైపొరలోనే తానే ముక్కలైపోతుంది. ఆ ముక్కలు అమైనో ఆమ్లాలుగా మారి నీటిని పట్టి ఉంచుతాయి. చర్మానికి ఆ మెత్తదనం అక్కడిదే. చుట్టూ గాలిలో ఉన్న తేమను బట్టి ఈ ముక్కలయ్యే పని సాగుతుందని 1986లో ఎలుక పిల్లల మీద చేసిన పరిశోధన చూపింది. మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ ఆకు రాలి, కుళ్లి, మొక్క మొదట్లో తడి నిలుపుతుంది కదా, ఇదీ అలాంటిదే. ఆకు రాలని తోటలో నేల బీటలు వారినట్టు, ఫిలాగ్రిన్ చాలని చర్మం ఎండి పొలుసులు లేస్తుంది.

అంటే మేము చేసిందేమిటి? ఉన్న కాస్త తడినీ వేడినీళ్లతో, పీచుతో తీసేశాం.

ఇప్పుడు మా హాస్టల్లో పద్ధతి మార్చాం. ఇలాంటి పిల్లలకు గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, తొందరగా ముగించే స్నానం. ఒళ్లు అద్దుకున్న వెంటనే, తడి ఆరకముందే కొబ్బరి నూనె గాని వ్యాజలైన్ గాని రాస్తాం. పొలుసు మందంగా ఉంటే డాక్టరు రాసిన యూరియా క్రీము వాడతాం. జన్యువు మారదు, కానీ చర్మం మెత్తబడుతుంది.

ఒక జాగ్రత్త. రాత్రిళ్లు విపరీతమైన దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, పక్కవాళ్లకూ రావడం ఉంటే అది గజ్జి కావచ్చు. అది అంటుతుంది. ఆ గదిలో పడుకునే అందరికీ ఒకేసారి మందు వాడాలి. ఏది ఏదో ఏఎన్ఎం గారికో డాక్టరుకో చూపించి తేల్చుకోండి, మాలాగా చూపుతో తీర్పు చెప్పకండి.

ఆ పిల్ల మార్చిలో తిరిగి వచ్చింది. మంచం మళ్లీ వరసలోకి జరిపాం. తోటి పిల్లల ముందే ఆమెకు తప్పు చెప్పుకున్నాం. కానీ ఆమె చదువులో రెండు నెలలు పోయాయి. పోగొట్టింది మేమే.

తల్లులారా, మీ పిల్లకు ఇలా ఉంటే చేర్పించే రోజే మాకు చెప్పండి. మీ అరచేతులు చూపించండి. వార్డెన్ అక్కచెల్లెళ్లారా, ముందు అడగండి, ఆ తరవాతే మంచం సంగతి.

సెలవు. జై ఆదివాసీ.