పశువుల నిద్ర - కలలు



అర్ధరాత్రివేళ దీపము గొని కొట్టములోనికి పోయినను, ఆవు కన్నులు తెరచి నెమరు వేయుచునే కనిపించును. అందుచేత పశువుకు నిద్రతో పనిలేదని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఆవు దినమునకు సుమారు 4 గంటలు నిద్రించును; మరి 7, 8 గంటలు కునికిపాటున గడపును. కునుకుచు కూడ నెమరు వేయగలదు.

నిద్ర యంతయు ఒకే తీరుగా నుండదు. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రించు మనుష్యుల కనుగ్రుడ్లు రెప్పల క్రింద అప్పుడప్పుడు వేగముగా కదలుటను ప్రకటించిరి. ఆ సమయమున లేపి యడిగినచో పలువురు కలగంటిమనిరి. తరువాత ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో మిషెల్ జూవే పిల్లులను పరిశీలించెను. ఈ నిద్రలో మెదడు మేలుకొన్నట్లే పనిచేయును గాని, దేహము పట్టు విడిచి పడియుండును. మెదడులో దేహమును అట్లు కట్టిపెట్టు చిన్నభాగమును ఛేదింపగా, నిద్రించుచున్న పిల్లి లేచి, లేని ఎరపై లంఘించెను! 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు విల్సన్, లూయీలు, ఎలుక మేలుకొని నడచిన బాటనే దాని మెదడు నిద్రలో మరల నడచుచున్నట్లు కనుగొనిరి. కలగంటినని చెప్పుటకు మూగజీవికి నోరు లేదు. అయినను వీధికుక్క నిద్రలో కాళ్లాడించుచు సన్నగా మొఱుగుట చూచినపుడు నాకు సందేహము కలుగదు.

మన బందెలదొడ్డికి దీనితో సంబంధమేమని మీరడుగవచ్చును. దేహము పట్టు విడుచు నిద్ర గనుక, అది నిలుచున్న పశువుకు పట్టదు. నిలిచి కునుకు గుఱ్ఱము సైతము దీనికొఱకు పండుకొనవలసినదే. ఆవు తల వాల్చి దినమునకు అరగంట, ముప్పావుగంట మాత్రమే, అదియు తునకలు తునకలుగా, ఈ నిద్ర పోవును. బురదలో అది పండుకొనుట కిష్టపడదు. పలుపు పొట్టిదైనచో తల వాల్చలేదు. చాలసేపు పండుకొననీయక నిలిపి, పిమ్మట విడిచినచో, ఆవు మేతకన్న ముందు పడకనే వెదకును.

చేను మేసినందుకు అపరాధ రుసుము చెల్లించువాడు యజమాని. పశువుకు నిద్రకోత విధింపుమని యే చట్టమును చెప్పలేదు. దొడ్డినేలను వాలుగా మెత్తి, నీరు పోవుటకు కాలువ తీసి, ఎండుగడ్డి పరపించుట పంచాయతీకి పెద్ద వ్యయము కాదు. వానకురిసిన మరునాటి ఉదయము స్వయముగా పోయి పశువుల ప్రక్కలను చూడుడు. నేల బురదగా నుండి, ప్రక్కలు పొడిగా నున్నచో, అవి రాత్రియంతయు నిలుచునే యున్నవని గ్రహింపుడు.