దారిలో ఆగిన బండి, దైవం ఎవరి రూపం



'అతిథి' అనే మాటకు పెద్దలు ఒక చక్కని అర్థం చెబుతారు. రాకకు ముందుగా తిథి నిశ్చయించుకోనివాడు అతిథి. చెప్పి వచ్చే తెలిసినవాడు అభ్యాగతుడు. ఈనాటి యాత్రికులమైన మనం చాలావరకు అభ్యాగతులమే. గది ముందే తీసుకుంటాము. దర్శనవేళ ముందే నిర్ణయమై ఉంటుంది. భోజనం ఎక్కడో కూడా బయలుదేరకముందే తెలుసు. బండి నడిదారిలో ఆగిపోయిననాడు మాత్రం మనం నిజంగా అతిథులమవుతాము.

చాలా ఏళ్ళ క్రిందట, ఒక కార్తిక మాసంలో, మేము 14 మందిమి అద్దె వ్యానులో శ్రీశైలం బయలుదేరాము. దోర్నాల దాటి నల్లమలలో ప్రవేశించిన కొంతసేపటికి ఇంజను వేడెక్కి ఆవిరి చిమ్మింది. రేడియేటరుకు నీరు వెళ్ళే రబ్బరు గొట్టం పగిలిపోయింది. అది సుమారు 50 కిలోమీటర్ల అడవిదారి. రాత్రివేళ అక్కడ వాహనాలను అనుమతించరు. ప్రొద్దు వాలుతున్నది. మాలో వృద్ధులున్నారు, ఒక చంటిబిడ్డ ఉన్నది. శివనామం చెప్పుకుంటూ వెళ్ళే బండ్లు ఎన్నో మమ్మల్ని దాటిపోయాయి. వారిని నిందించను, గేటు మూసేలోగా చేరాలన్న తొందర అందరికీ ఉంటుంది.

ఆగినది కొండ దిగి వస్తున్న ఒక లారీ. దాని నుదుట 786 అని వ్రాసి ఉన్నది. రేడియేటరు మూత తీయబోతున్న మా డ్రైవరును ఆ లారీ అతడు కేకవేసి ఆపాడు. "చల్లారనీ తమ్ముడూ, మొహం కాలిపోతది" అన్నాడు. పాత ట్యూబును పట్టీలుగా కోసి, పగిలినచోట బిగించి చుట్టి, తీగతో కట్టాడు. తన డబ్బాలోని నీళ్ళన్నీ పోశాడు. అవి చాలలేదు.

అంతలో నెత్తిన బిందెతో ఒక చెంచు స్త్రీ ఆ దారిన వచ్చింది. ఆ అడవిలో బిందెడు నీళ్ళు అంటే ఎంత నడకో మైదానంలో ఉండే మనకు తెలియదు. సంగతి విని, బిందె దింపి, రేడియేటరు నిండేదాకా పోయించింది. పైకం ఇవ్వబోతే నవ్వింది. "మల్లయ్య మా ఇంటి అల్లుడు గదా సామీ! అల్లుని కాడికి పొయ్యేటోళ్ళ దగ్గర దుడ్లు తీసుకుంటామా?" అన్నది. చెంచులు మల్లికార్జునుని చెంచు మల్లయ్య అని, తమ ఆడపడుచును పెండ్లాడిన అల్లుడని చెప్పుకుంటారు. ఖాళీ బిందెతో ఆమె మళ్ళీ వచ్చినదారినే వెనుకకు నడిచింది.

బండి కదలగానే మాలో ఒకరు "మల్లన్నే లారీవాడై వచ్చాడు" అన్నారు. భక్తితో అన్న మాటే. అయితే శాస్త్రం చదువుకున్నవాణ్ణి గనుక నాకొక సందేహం కలిగింది. మన పురాణాలలో దైవం పరీక్షకు వచ్చినప్పుడు ఏ రూపంలో వస్తాడు? అడిగేవాడుగా వస్తాడు. బలి ముందు వామనుడు చేయి చాచాడు. భాగవతం నవమస్కంధంలో రంతిదేవుడు 48 దినాలు నిరాహారుడై ఉండి, దొరికిన అన్నమంతా వచ్చినవారికి పెట్టి, చివరకు మిగిలిన నీటిని కూడా దప్పిగొన్నవానికి ఇచ్చాడు. ఆ యాచకుల రూపంలో వచ్చినది దేవతలు. ఇచ్చినవాడు మాత్రం దాహంతో ఉన్న మనిషి.

ఆ లెక్కన నల్లమల దారిలో రంతిదేవుని స్థానం ఆ తల్లిది, ఆ లారీ అతనిది. దేవతల పీఠం మీద కూర్చున్నది మేము! దేవునికి ఒక గంట ఆలస్యమైతే నష్టమేమున్నది? ఆ డ్రైవరుకు కిరాయి నష్టం. ఆమెకు మరల అంత దూరం నడక. "దేవుడే వచ్చాడు" అని అన్నామంటే ఆ నష్టాన్ని మరచిపోతాము.

కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) బాటసారులకు వేళ కాని వేళ వండి వడ్డించారు. మన సత్రాలలో అన్నదానానికి ఒక సమయం, ఒక వరుస ఉండక తప్పదు. దాతలు చేస్తున్నది గొప్ప కార్యమే. దారిలో కలిగే ఆపదకు ఆ ఏర్పాటు లేదు. అందుకని ఈ కార్తికంలో బండి కట్టుకుని కొండకు వచ్చేవారిని ఒకటి అడుగుతున్నాను. మీకు కావలసినదానికంటే ఒక డబ్బా నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. ఒక త్రాడు, పాత ట్యూబు ముక్క కూడా ఉంచండి. ముందుమూత ఎత్తి నిలిచిన బండి కనబడితే, దర్శనం ఒక పూట ఆలస్యమైనా సరే, దిగి అడగండి.