సుల్తాన్ బజారును తీర్చిదిద్దినవారు

రావిచెట్టు రంగారావు గారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసంలో ఆయన నివసించిన పేట గురించే మాట్లాడతాను. హైదరాబాదు సుల్తాన్ బజారు ఒకప్పుడు రెసిడెన్సీ బజారు. 1933లో నిజాంకు తిరిగి అప్పగించేదాకా అక్కడ చెల్లింది బ్రిటిష్ రెసిడెంటు అధికారమే. సభలు, సంఘాలు, గ్రంథాలయాలు అక్కడ పుట్టడానికి నిజాం ఏలుబడికి వెలుపల ఉండే ఆ వెసులుబాటే కారణమని చాలామంది అంటారు. అది సగం నిజమే. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసేనాటికే అక్కడ ఆంగ్లేయుల పట్టు గట్టిగా ఉంది. అయినా శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం వెలిసింది 1901లో. మధ్యలో గడిచిన నలభై నాలుగేళ్లూ అధికారం అదే, వీధులూ అవే. కొత్తగా వచ్చినవాళ్లు మనుషులు.

కొమర్రాజు లక్ష్మణరావు సంకల్పం, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు అండ, రావిచెట్టు రంగారావు గారి ఇల్లు: ఈ మూడూ కలిశాకే నిలయం మొదలైంది. పాలనా భాషగా ఉర్దూ ఉన్న నగరంలో తెలుగు పుస్తకాల కోసం సొంత ఇంటి తలుపులు తెరవడం చిన్న సంగతి కాదు. 1906లో అదే బృందం పూనికతో తెలుగు పుస్తకాలు ప్రచురించే విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. ఆంగ్లేయుల నీడే అసలు కారణమైతే, 1904లో నిజాం ఏలుబడిలోని హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఎలా లేచింది? రెసిడెన్సీ కొంత రక్షణ ఇచ్చి ఉండవచ్చు. పట్టుదలను మాత్రం ఇవ్వలేదు. ఆ పట్టుదలకు ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి. 1921 నవంబరులో వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆంధ్ర జనసంఘం ఆ అవమానంలోంచే పుట్టింది. మాడపాటి హనుమంతరావు దాన్ని ఏళ్ల తరబడి ఓపికగా పెంచారు.

ఇదంతా వకీళ్లు, జమీందారులు, పై కులాలవారు చేసిన పని అనే ఆక్షేపణ ఉంది. అది బలమైనదే, దాన్ని దాటవేయను. అయితే ఆ ఆక్షేపణకు జవాబు ఈ పేట చుట్టుపక్కలే ఉంది. దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు, 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడి తెరిచారు. ఆయన వెనక జమీందారీ లేదు, వకాల్తా లేదు. నిలయం చదవడం వచ్చినవాళ్లకు పుస్తకం అందిస్తే, ఈయన చదువే అందనివాళ్ల దగ్గరికి అక్షరాన్ని తీసుకెళ్లారు. నా తూకంలో ఈ రెండో పనే కష్టమైనది. అయినా సుల్తాన్ బజారు చరిత్ర చెప్పేటప్పుడు నిలయానికి పేజీలు దక్కుతాయి, ఆ బడికి ఒక వాక్యం దక్కుతుంది. ఈ పేట చరిత్ర ఇకమీద రాసేవారు ఇసామియా బజారు బడికి మొదటి అధ్యాయంలోనే చోటివ్వాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను.