నల్ల ఇంకు ఏది కొనాలె? స్టాంపు కార్డులు, ట్యాగులు చేసేటోళ్ళ కోసం

రబ్బరు స్టాంపుతో కార్డులు చేసుడు గురించి వీడియో పెట్టినప్పటి నుంచి నాకు ఎక్కువ వస్తున్న ప్రశ్న ఇదే: "అన్నా, నల్ల ఇంకు ఏది కొనాలె?" ఒక బ్రాండు పేరు చెప్పి వీడియో అయిపోగొట్టొచ్చు. కానీ అట్ల చెప్తే మీలో సగం మంది పైసలు దండగైతయి. స్టాంపు కొట్టిన తర్వాత ఆ కార్డుకు ఏం తగులుతది అన్నది ముందు చెప్పండి. నీళ్ళా, మార్కరా, పసుపా, ఇస్త్రీ పెట్టెనా? దాన్ని బట్టే ఇంకు.

సిరిసిల్ల నుంచి ఒక అక్క మెసేజ్ పెట్టింది. కాటన్ చీరెలు వాట్సాప్‌లో అమ్ముతది. ప్రతి చీరెకు ఒక అట్టముక్క ట్యాగు, దాని మీద తన దుకాణం పేరు, చిన్న మగ్గం బొమ్మ, నల్ల స్టాంపు. ట్యాగుకు అయ్యే ఖర్చు 2 రూపాయలు కూడా ఉండదు. వానాకాలంలో ఒక పార్సిల్ తడిసింది. ట్యాగు మీది నలుపు తెల్ల చీరె అంచుకు అంటింది. 1,400 రూపాయల చీరె వాపసు వచ్చింది. "తమ్మీ, ఇంకు మంచిది కాదా, నేను కొట్టుడు మంచిగ లేదా?" అని అడిగింది.

అక్కా, ఇంకు మంచిదే. కాకపోతే అది ఆఫీసు ఇంకు. స్టేషనరీ షాపులో చిన్న బాటిల్‌లో దొరికేది, పంచాయతీ ఆఫీసులో, బడిలో డబ్బాలో మెత్తటి ప్యాడు ఉంటది చూడండి, దానికి పోసేది. అందులో ఉండేది నీళ్ళు, రంగు, ఇంకా గ్లిజరిన్ లాంటి ఆరనియ్యని పదార్థం. ప్యాడు ఎండిపోవద్దు కాబట్టి ఆ గ్లిజరిన్ వేస్తరు. మామూలు బాండ్ పేపరు మీద కొడితే కాగితం ఇంకును పీల్చుకుంటది, మనకు ఆరినట్టు కనపడతది. మెరిసే కాగితం పీల్చుకోదు, అందుకే దాని మీద తెల్లారినా వేలికి అంటుతనే ఉంటది. ఇక నీళ్ళు తగిలితే, పీల్చుకున్న రంగు కూడా మళ్ళీ కరిగి బయటికి వస్తది. ఫైలు మీద కొట్టే ముద్రకు ఇది సరిపోతది. ఫైలు వానలో తిరగదు కదా.

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే మిగతా వీడియో మొత్తం సులువు. ఒకటి డై, ఇంకోటి పిగ్మెంట్. చాయ్ ఉంది, మసి ఉంది. చాయ్ పొడి నీళ్ళల్ల వేస్తే రంగు నీళ్ళల్ల కలిసిపోతది, వడకట్టినా పోదు. అది డై. మసిని నీళ్ళల్ల వేస్తే కరగదు, నల్లటి నలుసులు నలుసుల్లాగనే ఉంటయి. అది పిగ్మెంట్. నల్ల పిగ్మెంట్ ఇంకుల్లో సాధారణంగా ఉండేది కార్బన్ బ్లాక్, అంటే ఒక రకంగా మసే. మన పెద్దలకు ఇది కొత్త కాదు. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి రుద్దేవాళ్ళు. వందల ఏండ్ల నాటి తాళపత్రాలు ఈరోజుకీ చదవగలుగుతున్నమంటే, మసి ఎండకు వెలిసిపోయే రకం కాదు కాబట్టే.

డైకి ఇంకో గుణం ఉంది. నల్ల డై చాలాసార్లు ఒక్క రంగు కాదు, రెండు మూడు రంగులు కలిపి నలుపు చేస్తరు. బడిలో స్కెచ్ పెన్ చుక్క పెట్టిన కాగితాన్ని నీళ్ళల్ల ముంచి రంగులు విడగొట్టిన ప్రయోగం యాదికి ఉన్నదా? గదే. మీ కార్డు తడిస్తే నలుపు చుట్టూ నీలం, ఊదా అంచులు వస్తయి. కొన్ని వారాలు కిటికీ దగ్గర ఎండ తగిలితే గోధుమ రంగుకో బూడిద రంగుకో దిగుతది.

మరి పిగ్మెంట్ అంత మంచిదైతే అందరూ అదే వాడొచ్చు కదా? ఆరడం ఆలస్యం. కాగితం పైనే కూర్చుంటది, తొందరగా లోపలికి పోదు. చెయ్యి తగిలితే గీతంతా సాగిపోతది. ఆరని ఇంకు ఎంత పెద్ద తలనొప్పో ఎన్నికల వాళ్ళకు బాగా తెలుసు. 2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మన ఊర్లల్ల బ్యాలెట్ పేపరు మీద బాణాల స్వస్తిక్ గుర్తు స్టాంపుతో ఓటు వేసినం కదా. ఆ గుర్తు మామూలు ఇంటూ గుర్తులాగ ఎందుకు లేదో తెలుసా? పచ్చి ఇంకు మీద పేపరు మడిస్తే, అవతలి వైపు ఇంకో గుర్తు పడతది. ఇంటూ గుర్తు అయితే అసలేదో, అంటిందేదో తేడా తెలవదు. తిరిగే బాణాల గుర్తు మడతలో అంటితే అద్దంలో లాగా ఉల్టా తిరుగుతది. లెక్కపెట్టేటోళ్ళు చూసి ఇది ఓటు, ఇది మరక అని చెప్పగలరు. ఇంకు సమస్యను డిజైన్‌తో దాటినరు. నాకైతే మస్తు నచ్చింది ఈ ఆలోచన. మడత కార్డులు చేసేటోళ్ళకు మాత్రం అట్లాంటి వెసులుబాటు లేదు, ఆరేదాక మడవొద్దు, అంతే.

ఇప్పుడు కోరుట్ల. అక్కడి నుంచి ఒక కాలేజీ చెల్లె బర్త్‌డే కార్డులు చేసి ఫ్రెండ్స్‌కు అమ్ముతది. నల్ల గీతల పువ్వు స్టాంపు కొట్టి, లోపల ఆల్కహాల్ మార్కర్లతో రంగు నింపుతది. ఇంటర్నెట్‌లో చూసి పిగ్మెంట్ ఇంకు ప్యాడు, వెర్సాఫైన్ ఆనిక్స్ బ్లాక్, తెప్పించుకున్నది. సన్న గీతలకు దాన్ని మించింది నేను చూడలే. అయినా మార్కర్ తగలగానే పువ్వు మొత్తం మురికైంది. ఎందుకంటే అది నూనె కలిసిన పిగ్మెంట్. ఆరితే నీళ్ళకు ఓర్చుకుంటది గానీ ఆల్కహాల్‌కు ఓర్చుకోదు. ఆమెకు కావాల్సింది మెమెంటో టక్సీడో బ్లాక్. అది డై ఇంకే, తొందరగా ఆరుతది, ఆల్కహాల్ మార్కర్‌కు కదలదు. తమాషా ఏందంటే అదే మెమెంటో మీద తడి బ్రష్ పెడితే కారిపోతది. అంటే కామెల్ వాటర్ కలర్లు, డామ్స్ బ్రష్ పెన్నులు వాడేటోళ్ళు మెమెంటో కొనొద్దు, వాళ్ళకు వెర్సాఫైనే కరెక్ట్. రేంజర్ ఆర్కైవల్ జెట్ బ్లాక్ కూడా నీళ్ళకు బాగుంటది. మార్కర్లకు మాత్రం నేను దాన్ని నమ్ముకోను, కొన్ని కాగితాల మీద మసకబారుతది.

ఇవి జపాన్, అమెరికా సరుకు. లోకల్ ప్యాడు కంటే ధర చాలా రెట్లు. నాకు ఎవ్వరూ స్పాన్సర్ చెయ్యలే, రెండు పేర్లు చెప్పినా అని రెండూ కొనకండి. మీ దగ్గర ఏ రంగులు ఉన్నయో చూసుకొని దానికి సరిపోయే ఒక్క ప్యాడు కొనుక్కోండి. ఒక్క ప్యాడు చాన్నాళ్ళు వస్తది.

జగిత్యాలలో నన్ను ఎక్కువ అడిగేది పెండ్లి పనులకు. రిటర్న్ గిఫ్టు మీద చిన్న కార్డు, కవరు మీద వధూవరుల పేర్ల మొదటి అక్షరాలు. ఇక్కడ ఇంకు కెమిస్ట్రీ కంటే ముందు ఇంట్లో పెద్దమ్మను అడగండి. పెండ్లి పత్రిక నల్ల రంగులో కొడితే చాలా ఇండ్లల్ల ఒప్పుకోరు. నల్ల అక్షరాలంటే దశదిన కర్మ కార్డు గుర్తొస్తది. వెబ్‌సైట్లలో నలుపు, బంగారం కలిపిన పెండ్లి కార్డులు ఎంత అందంగా ఉన్నా, ఆర్డర్ తీసుకునే ముందు రంగు అడగకపోతే 200 కార్డులు మీ ఇంట్లనే ఉంటయి. ముదురు మెరూన్ తీసుకోండి. నలుపంత స్పష్టంగనే పడతది, ఎవ్వరూ ఏమనరు.

ఇంకోటి, మనం పత్రిక నాలుగు మూలలకు పసుపు పెడతం. పొడి పసుపు కాదు, తడి పసుపు. మూల దగ్గర డై ఇంకు స్టాంపు ఉంటే ఆ తడికి కారుడే. విదేశాల వీడియోలలో వాటర్‌ప్రూఫ్ టెస్టు అంటే బ్రష్‌తో రెండు చుక్కల నీళ్ళు. మనకు కావాల్సింది పసుపు టెస్టు. తడి పసుపు వేలితో రుద్ది, ఆరనిచ్చి చూడండి. రంగు నలుపైనా మెరూనైనా, పత్రికకు పిగ్మెంట్ ఇంకే వాడండి. ఆరేదాక ఆగే ఓపిక లేకపోతే పచ్చిగ ఉన్నప్పుడే దాని మీద క్లియర్ ఎంబాసింగ్ పౌడర్ చల్లి హీట్ గన్‌తో కరిగించండి. పౌడర్ ప్లాస్టిక్ పొరలాగ గడ్డకడతది, కింద ఇంకు భద్రం. హెయిర్ డ్రయ్యర్‌తో పని కాదు. అంత వేడి రాదు, పైగా పౌడర్ అంతా ఎగిరిపోతది.

సరే, సిరిసిల్ల అక్క దగ్గరికి మళ్ళీ వద్దాం. చీరెలు నెలకు 20, 30 పోతే వెర్సాఫైన్ ప్యాడుతో ట్యాగులు కొట్టి, ఒక రోజు పరిచి ఆరబెట్టండి. తర్వాత చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి చీరెకు కట్టండి. ఒకేసారి 500 ట్యాగులు కావాలంటే స్టాంపే వద్దు. జిరాక్స్ సెంటర్‌లో లేజర్ ప్రింటు తీయించి కత్తిరించుకోండి. లేజర్ ప్రింటర్ టోనర్ అంటే రంగు కలిపిన సన్నటి ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటది. నీళ్ళు దాన్ని ఏం చెయ్యలేవు. స్టాంపుల వీడియోలో స్టాంపు వద్దంటున్నడు వీడు అనుకోకండి, చీరె వాపసు వస్తే బాధ అక్కది.

ఆమె ఇంకోటి కూడా అడిగింది, బట్ట సంచి మీదనే డైరెక్టుగా స్టాంపు కొట్టొచ్చా అని. కొట్టొచ్చు, కానీ బట్టల ఇంకు వేరే ఉంటది. వెర్సాక్రాఫ్ట్ లాంటిది తీసుకోని, కొట్టి, ఆరిన తర్వాత ఇస్త్రీ పెట్టెతో వేడి పెట్టాలె, అప్పుడే ఉతికినా నిలుస్తది. సిరిసిల్ల మగ్గాల మీద కాటన్, పాలిస్టర్ రెండూ నేస్తరు. కాటన్ మీద బాగ పడతది, పాలిస్టర్ మీద సరిగ పట్టదు. కొత్త బట్టకు గంజి ఉంటది, అది ఉతికి తీసేయకపోతే ఇంకు గంజికి పట్టి, మొదటి ఉతుకుకే దానితో పాటు పోతది.

బట్ట మీద నలుపు అద్దుడులో అసలు మాస్టర్లు కలంకారీ వాళ్ళు. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దుతరు, అది కూడా స్టాంపింగే కదా. వాళ్ళ సంప్రదాయ నలుపు ఎట్ల చేస్తరంటే, తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళల్ల రోజుల తరబడి ఊరబెడతరు. ఆ నీళ్ళు చూస్తే అంత నల్లగ ఉండయి. ముందే కరక్కాయ పట్టించిన బట్టకు తగిలినంక నల్లబడతది. ఇనుము, కరక్కాయలోని వగరు కలిసి బట్ట పోగులోనే నలుపు తయారైతది.

గాజు, ప్లాస్టిక్, మెటల్ మీద కొట్టాలంటే స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకు. ఎర్ర రబ్బరు స్టాంపుకు వాడండి. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులను మరక చేస్తది, రాను రాను పాడు కూడా చెయ్యొచ్చు. దాని క్లీనర్ వేరే కొనాలె. అవసరం లేకపోతే దీని జోలికి పోకండి.

ఒక జాగ్రత్త. షాపులో చేయించిన స్టాంపులు రెండు రకాలు. నొక్కితే లోపల తిరిగి ప్యాడుకు తాకి వచ్చేది సెల్ఫ్ ఇంకింగ్, దానికి నీళ్ళ ఇంకు. ప్యాడే లేకుండా స్టాంపు ముఖం నుంచే ఇంకు ఊరేది ప్రీ ఇంక్‌డ్, దానికి నూనె ఇంకు. ఒకదానిది ఇంకోదాంట్లో పోస్తే స్టాంపు ఖరాబైతది. రీఫిల్ కొనేముందు స్టాంపు ఫొటో షాపాయనకు చూపించండి.

నేను నాలుగేండ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన, ఆ అలవాటు పోలే. కొత్త ప్యాడు వస్తే ఆర్డర్‌కు వాడబోయే కాగితం మీదనే ఆరు ముద్రలు కొడత. వేరే కాగితం మీద టెస్టు చేస్తే లెక్కలోకి రాదు. ఒక నిమిషానికి ఒకదాన్ని, పది నిమిషాలకు ఒకదాన్ని, గంటకు ఒకదాన్ని వేలితో రుద్దుత. నాలుగోదాని మీద మార్కర్, ఐదోదాని మీద తడి పసుపు. ఆరోదాన్ని సగం అట్టతో కప్పి కిటికీకి అతికిస్త, నెల తర్వాత అట్ట తీసి రెండు సగాలు పక్కపక్కన చూస్త. ప్రతి ముద్ర పక్కన ఇంకు పేరు, తారీఖు పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో రాస్తే నీళ్ళ టెస్టులో అది కూడా కారుతది. వానాకాలంలో ఈ టెస్టు మళ్ళీ చెయ్యాలె. ఎండాకాలంలో గంటలో ఆరే ఇంకు అప్పుడు ఎక్కువ టైం తీసుకుంటది.

మీరు చేసిన టెస్టు కార్డు ఫొటో తీసి కామెంట్లో పెట్టండి, కాగితం ఎన్ని జీఎస్ఎమ్మో, ఏ షాపు ప్యాడో రాయండి. లోకల్ ప్యాడుల్లో పసుపుకు నిలబడ్డది ఏదన్న మీకు దొరికితే నేను కూడా కొని చూస్త, వచ్చే ఎపిసోడ్‌ల చూపిస్త.