నెత్తురు రాని చిగుళ్లు

దంతవైద్యుల సభలో అధ్యక్షుడికి చివర్లో మైకు ఇవ్వడంలో ఒక సుఖం ఉంది. ముందు మాట్లాడిన అందరితోనూ పోట్లాడొచ్చు, జవాబు చెప్పేలోగా భోజనాల గంట కొట్టేస్తారు.

పొద్దున ఒక పెద్దమనిషి లాంగ్ అనే పరిశోధకుడి 1990 నాటి పత్రాన్ని తెరమీద వేసి, చిగురు లోతు కొలిచే ప్రోబ్ పెట్టినా నెత్తురు చిమ్మని చోటు 98 శాతం నిలకడగా ఉంటుందని ఢంకా బజాయించారు. అంకె సరైనదే. నెత్తురు వస్తే మాత్రం రోగం ముదురుతోందని గట్టిగా చెప్పలేం. వరసగా నాలుగు పరీక్షల్లో కారిన చోట కూడా పంటికీ చిగురుకూ ఉన్న అటాచ్‌మెంట్ పోయింది 30 శాతమేనని 1986లో లాంగ్ బృందమే తేల్చింది. అంటే ఈ గుర్తుకున్న విలువంతా నెత్తురు రాకపోవడంలోనే ఉంది. నా తగాదా సరిగ్గా అక్కడే. ఆ లెక్కలు బెర్న్‌లో వేళ తప్పకుండా శుభ్రం చేయించుకునేవాళ్ల నోళ్లవి. ఇక్కడ భిలాయిలో పవర్‌హౌస్ స్టేషన్ దాటి క్యాంప్ 2 సందుల్లోంచి మన కుర్చీకి వచ్చేవి వేరే నోళ్లు.

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒకామె వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, భర్త ఉక్కు కర్మాగారంలో పని. రొంటిన గుడాఖు అనే పొగాకు ముద్ద డబ్బీ. "నెత్తురొస్తోందా అమ్మా?" అన్నాను. "రగతమేటి బాబూ, సుక్క రాదు. గుడాకు ఎట్టి తోమితే సిగుళ్లు రాయిలాగుంటాయి" అంది. నిజంగానే చిగురు లేతరంగులో, బిగువుగా ఉంది. కింది దవడ పంటి పక్కన ప్రోబ్ ఏడు మిల్లీమీటర్లు దిగింది. బయటికి తీసి చూస్తే మొన పొడిగా ఉంది. పన్ను మాత్రం వేలికి ఊగింది.

గుడాఖు మాన్పించాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి, దూదిమీద ఎర్రమరక చూపించి నన్ను కడిగేసింది. "మీరు మానమన్నారు, రగతం మొదలైంది" అని ఆ మధ్యాహ్నమే డబ్బీ కొనుక్కుంది. సిగరెట్టుదీ ఇదే తీరు: మానినవాళ్లలో నాలుగు నుంచి ఆరు వారాల్లో చిగుళ్ల నెత్తురు రెట్టింపయిందని 2003లో నాయర్ బృందం రాసింది. అది చదివాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ దూదే. మానేశాక నెత్తురు కనిపించవచ్చని ఒక్కమాట ముందే చెప్పి ఉంటే ఆమె నిలబడేదేమో.

గుడాఖు చిగుళ్ల మీద నేను రాసిన పత్రాన్ని ఒక పత్రిక 'స్థానిక అలవాటు' అని తిప్పి పంపింది. పొగాకు, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపిన ముద్దను ఛత్తీస్‌గఢ్‌లో ఆడా మగా పళ్లపొడిలా తోముకుంటుంటే అది స్థానికమట! మన తెలుగువాళ్లు కర్మాగారం కట్టడానికి వచ్చినప్పుడు, నిప్పు కొన నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగను వెంట తెచ్చుకున్నారు, గుడాఖును ఇక్కడ నేర్చుకున్నారు. అడ్డపొగ కోసం పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్రలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లు పరీక్షించి 1971లో ప్రచురించింది. అంగిలికి దక్కిన ఆ గౌరవం చిగురుకు దక్కలేదు. సిగరెట్టు లెక్కలనే గుడాఖుకు అంటగట్టి చేతులు దులుపుకుంటున్నాం. పొగ తాగేవాడి చిగురూ, రోజుకు పదిసార్లు సున్నం, మట్టి రుద్దుకునే చిగురూ ఒకటేనా?

చిగుళ్ల వ్యాధుల 2017 వర్గీకరణ కనీసం పది శాతం చోట్ల నెత్తురు కనిపిస్తేనే జింజివైటిస్, అంటే చిగుళ్ల వాపు, అంటుంది. సర్వే శిబిరాల్లో మన పిల్లలు అదే గీత పట్టుకుని క్యాంప్ 2 ఆడవాళ్లను ఆరోగ్యవంతుల లెక్కలో రాసేస్తున్నారు. సర్వే ఫారంలో నెత్తురు గడి పక్కనే పొగాకు గడి పెట్టండి, అడిగేటప్పుడు గుడాఖు అని పేరుపెట్టి అడగండి. 'పొగాకు వాడతారా' అంటే లేదంటారు. వాళ్ల దృష్టిలో అది పొగాకు కాదు, దంతమంజనం.

భోజనాల తర్వాత ప్రోబ్ మీద పెట్టే బలం గురించి ఒక యువ డాక్టరు మాట్లాడతారు. 0.25 న్యూటన్ దాటితే ఆరోగ్యమైన చిగురూ కారుతుందని చెబుతారు, బాగానే ఉంటుంది. మరి గుడాఖు చిగురు కారాలంటే ఎంత బలం కావాలో కూడా ఆయన్ని అడుగుదామని ముందు వరసలోనే కూర్చుంటున్నాను.