సంతకం పెట్టేముందు
(అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్-1బి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసాపై వచ్చిన మన అమ్మాయిని ఏప్రిల్ వచ్చేసరికి ఒక సంతకం అడుగుతారు. "పన్ను కాగితాలు, ఇక్కడ పెట్టు" అంటారు. నాకు సంపాదనే లేదు కదా అని ఆమె పెట్టేస్తుంది. ఆ సంతకం గురించే నా మాట.

ఈ వీసాల వాళ్లకు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉండాలి. ఈ ఏడాది రోజులన్నీ, పోయినేడు రోజుల్లో మూడోవంతు, అంతకుముందు ఏడాదివాటిలో ఆరోవంతు కలిపి 183 కావాలి. అప్పుడు 'రెసిడెంట్' అవుతారు. భార్యకు రోజులు చాలకపోయినా, ఏడాది చివరికి భర్త రెసిడెంటయితే, ఇద్దరూ ఒప్పుకుని ఉమ్మడి రిటర్ను వేయవచ్చు. పన్ను తరచు తగ్గుతుంది కూడా.

అయితే ఉమ్మడి రిటర్ను అంటే ఉమ్మడి బాధ్యత. భర్త ఆదాయం దాస్తే ఆ బాకీ మొత్తం భార్య దగ్గరా వసూలు చేయవచ్చు. విడాకులతో అది పోదు. పుట్టింటివారు ఆమె పేర వేసిన డిపాజిట్ మీద వడ్డీ కూడా అందులో చూపాలి. భర్త దాచిన సంగతి నిజంగా తెలియకుండా సంతకం చేసిన భార్య 8857 ఫారంతో మినహాయింపు కోరవచ్చు. కాని రుజువు చేసుకోవలసింది ఆమే.

ఉమ్మడిగానే వేయాలని ఏ చట్టమూ బలవంతపెట్టదు. అందుకే చదవండి, అడగండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. సంతకం మనది, తెలుసుకునే హక్కూ మనదే.