బొమ్మల పుస్తకములలో క్రీడావీరులు



నేడు నేను ముచ్చటింపబోవు పుస్తకములు పెద్దలకొఱకు వ్రాసినవి కావు. ఒక్కొక్కటి ముప్పది నలువది పుటలకు మించదు. పుట నిండ నొక బొమ్మ, బొమ్మ ప్రక్కన నాలుగైదు వాక్యములు. ఏడెనిమిదేండ్ల పిల్లలకు దగినవి. అట్టివానిని గూర్చి పెద్దలతో చెప్పవలసినదేమున్నదని మీకు దోచవచ్చును. కాని యీ పుస్తకములను పిల్లలు ఒంటరిగా చదువరు. ప్రక్కన గూర్చుండి పెద్దలచేత చదివించుకొందురు. కావున వాని పాఠకులలో సగము మనమే.

నా కుమార్తె కుటుంబము అమెరికాలో నున్నది. కొన్ని యేండ్ల క్రిందట నేనచ్చట మూడు నెలలుండి వచ్చితిని. అచ్చట నాకు వేఱు పనిలేదు. సాయంకాలము మనుమరాలిని వెంటబెట్టుకొని ఊరి గ్రంథాలయమునకు బోవుట, ఆ పిల్ల యేరి తెచ్చుకొన్న పుస్తకములను రాత్రి చదివి తెలుగున జెప్పుట, ఇదియే నా యుద్యోగము. ఆ పిల్లకు ఆటగాండ్ర కథలన్న ప్రీతి. అందులోను, తెల్లవారు కానివారిని ఆటలలో చేర్పగూడదను కట్టుబాటు ఆ దేశమున బలముగానున్న కాలమున, దానిని దాటి పేరు గాంచినవారి కథలు అచ్చట పిల్లలకొఱకు విశేషముగా వ్రాయబడినవి.

మొట్టమొదట మేము చదివినది సామీ లీ అనువాని కథ. పౌలా యూ అను రచయిత్రి వ్రాయగా డామ్ లీ బొమ్మలు వేసెను. 2005లో వెలువడినది. దాని పేరునకు తెలుగు చెప్పవలయునన్న ‘పదియారు సెకండ్లలో పదియారు సంవత్సరములు’ అని చెప్పవచ్చును. సామీ లీ 1920లో కాలిఫోర్నియాలో పుట్టెను. తల్లిదండ్రులు కొరియా దేశమునుండి వచ్చినవారు, చిన్న భోజనశాల నడుపుకొని బ్రదుకువారు. 1932లో లాస్ ఏంజలస్ నగరమున ఒలింపిక్ పందెములు జరిగినవి. అప్పటికి పండ్రెండేండ్ల యా బాలుడు వీధులలో నెగురుచున్న దేశదేశముల పతాకములను జూచి, తానును ఒకనాడు ఒలింపిక్ విజేత నయ్యెదనని తండ్రితో ననెను. తండ్రికో, కుమారుడు వైద్యుడు కావలెనని కోరిక.

బాలునికి నచ్చినది ఎత్తైన వేదికనుండి గాలిలో పిల్లిమొగ్గలు వేయుచు నీటిలోనికి దూకు విద్య. దీనికి లోతైన కొలను కావలయును. దగ్గఱనున్న పాసడీనా పట్టణమున బ్రూక్‌సైడ్ ఉద్యానవనమునందు పురపాలకసంఘమువారి యీతకొలను గలదు. కాని తెల్లవారు కాని పిల్లలకు వారమున కొక్కదినమే ప్రవేశము, అది బుధవారము. ఆ దినమునకు ‘సర్వదేశ దినము’ అని గౌరవమైన పేరొకటి పెట్టిరి! తక్కిన యాఱు దినములు ఆ పిల్లలు కంచె యవతల నిలిచి, లోపల నీదువారిని జూచుచుండవలసినదే. బుధవారము గడచిన పిదప కొలనులోని నీటినంతను తీసివైచి క్రొత్తనీరు నింపెడివారు.

నేను ఈ పుట చదివి ముందునకు బోవుచుండగా నా మనుమరాలు పుటపై చేయి పెట్టి యాపెను.

“నీళ్లెందుకు తీసేశారు తాతయ్యా?”

“వాళ్లు దిగారని, అమ్మా.”

“దిగితే ఏమవుతుంది?”

నేనేమియు జెప్పలేదు. తరువాతి బొమ్మ చూడుమని పుట త్రిప్పితిని. ఆ సంగతి మరల జెప్పెదను.

కొలను లేనప్పుడు సామీ లీ యేమి చేసెను? అతని శిక్షకుడు జిమ్ రయన్ తన యింటి పెరటిలో గొయ్యి త్రవ్వించి దానిని ఇసుకతో నింపెను. బాలుడు ఆ యిసుకలోనికి దూకి దూకి నేర్చుకొనెను. నీటిలో దూకువానికి శరీరభారమును నీరు మోయును. ఇసుకలో దూకువాడు తన కాళ్లమీదనే దిగవలయును. అందుచేత అతని కాళ్లు మిక్కిలి దృఢములై, వేదికనుండి పైకి లేచు శక్తి పెరిగెనందురు. దీనిని జెప్పునపుడు కొందఱు, ‘చూచితిరా, అన్యాయముకూడ మేలే చేసినది’ అని సంతోషింతురు. నాకా మాట రుచింపదు. ఇసుకగొయ్యి బాలుని పట్టుదలకును శిక్షకుని స్నేహమునకును సాక్ష్యమేగాని, పురపాలకసంఘమువారు చేసిన యుపకారము గాదు.

తండ్రి 1943లో మరణించెను. ఆయన కోరికను సామీ లీ మఱువలేదు. 1947లో వైద్యపట్టము పుచ్చుకొనెను. మఱుసటి యేట లండను ఒలింపిక్ పందెములలో పది మీటరుల యెత్తునుండి దూకి స్వర్ణపతకము గెలిచెను. 1932 నుండి 1948 వఱకు పదియాఱేండ్ల శ్రమ, దాని ఫలితము తేలుటకు కొన్ని సెకండ్లు. పుస్తకము పేరులోని యర్థమిదియే. పిమ్మట 1952లో హెల్సింకీ నగరమున, సరిగా తన ముప్పదిరెండవ జన్మదినమున, మరల స్వర్ణపతకము సంపాదించెను. కొరియాలో సైనికవైద్యుడుగా పనిచేసి తిరిగివచ్చి, 1955 ప్రాంతమున గార్డెన్ గ్రోవ్ అను నూరిలో నిల్లు కొనబోగా, కొరియావారికి అమ్మమని చెప్పిరి. రెండు స్వర్ణపతకములు మెడలో నున్నను ఇల్లు దొరకలేదు. సామీ లీ 2016లో తొంబదియాఱవ యేట మరణించెను. పతకములతో కథ ముగించిన పిల్లలకు ఆనందమే. కాని యీ యింటి సంగతి వారికి ఎప్పుడో యొకప్పుడు చెప్పవలసినదేయని నా యభిప్రాయము.

ఆ పాసడీనా పట్టణముననే మఱొక బాలుడు పెరిగెను. వాని పేరు జాకీ రాబిన్‌సన్. 1919లో జార్జియా రాష్ట్రమున నల్లజాతి కుటుంబమున పుట్టెను. మఱుసటి సంవత్సరమే తల్లి తన యైదుగురు బిడ్డలతో పాసడీనాకు వలసవచ్చెను. జాకీ యన్నయగు మాక్ 1936లో బెర్లిన్ ఒలింపిక్ పందెములలో రెండువందల మీటరుల పరుగున జెస్సీ ఓవెన్స్ వెనుక రెండవవాడుగా నిలిచి రజతపతకము దెచ్చెను. స్వగ్రామమున వానికి దొరకిన యుద్యోగమేమనుకొన్నారు? వీధులూడ్చుట. నేడా పట్టణమువారు నగరమందిరమున కెదురుగా ఆ యన్నదమ్ముల కంచుతలలను 1997లో పెట్టించి గౌరవించుచున్నారు. మాక్ ముఖము నగరమందిరమువైపునకే తిరిగియుండును. చేసిన శిల్పులు తెలిసియే చేసియుందురు.

జాకీ యాడినది బేస్‌బాల్. మనకు క్రికెట్ ఎట్లో వారికదియట్లు. పెద్ద జట్లలోనికి నల్లవారిని రానీయరు. వారికి వేఱు జట్లు, వేఱు పందెములు. 1945లో బ్రూక్లిన్ జట్టు అధికారి బ్రాంచ్ రిక్కీ రాబిన్‌సన్‌ను బిలిపించి, ఎవరేమన్నను కొంతకాలము ఎదురు తిరుగరాదని మాట పుచ్చుకొని చేర్చుకొనెను. 1947 ఏప్రిలు 15వ తేదీన అతడు బ్రూక్లిన్ జట్టులో నాటకు దిగెను. తిట్లు, బెదరింపు ఉత్తరములు, బసయీయని హోటళ్లు, అన్నిటిని సహించి ఆడెను. విశేషమేమనగా, పాసడీనా కొలనుకూడ, న్యాయస్థానముననోడి కొన్నాళ్లు మూసియుంచిన పిదప, ఆ 1947లోనే యెల్లరకు తెఱవబడెను.

రాబిన్‌సన్‌ను గూర్చిన పిల్లల పుస్తకములు చాల గలవు. ప్రసిద్ధమైనదొకటి పీటర్ గోలెన్‌బాక్ 1990లో వ్రాసినది. దాని పేరునకు ‘ఒకే జట్టువారు’ అని యర్థము. సిన్సినాటి నగరమున ప్రేక్షకులు రాబిన్‌సన్‌ను ఘోరముగా దూషించుచుండ, అతని తోడియాటగాడగు పీ వీ రీస్ అను తెల్లవాడు మైదానమున నడచివచ్చి అతని భుజముపై చేయివేసి నిలిచెనని యా కథ. చక్కని కథ. చదువుచు నా కన్నులు చెమర్చినమాట నిజము. 2005లో బ్రూక్లిన్‌లో దీనికి విగ్రహముకూడ పెట్టిరి. కాని యా సంఘటన ఏ సంవత్సరమున, ఏ యూరిలో జరిగినదను విషయమున చరిత్రకారులు వాదులాడుచున్నారు. అది చెప్పినట్లు జరిగినదాయని సందేహించువారును గలరు.

ఆ వాదమెట్లున్నను నాకొక యనుమానము గలదు. ఈ కథ మనకింత ప్రియమగుటకు కారణమేమి? భుజముపై చేయివేసిన వానిలో మనలను మనము చూచుకొందుము. గుంపులో నిలిచి తిట్టినవారిలో ఎవరును తమను చూచుకొనరు. గుంపులో వేలమంది, చేయివేసినవాడొక్కడు. చదువరులందఱము ఆ యొక్కని పక్షమే! రీస్ మంచివాడు కాడని నేననను. పుస్తకము అతని చేతివద్ద నాగినచో పిల్లవానికి సగమే తెలిసినదందును.

దీనికంటె నాకు నచ్చినది రాబిన్‌సన్ కూతురు షారన్ 2009లో వ్రాసిన పుస్తకము, బొమ్మలు కదీర్ నెల్సన్ వేసినవి. అందు బేస్‌బాల్ కంటె ఒక శీతకాలపు చెఱువు ముఖ్యము. కనెటికట్ రాష్ట్రములో వారి యింటి ప్రక్క చెఱువు గడ్డకట్టినపుడు, పిల్లలు ఆడుకొనుటకు మంచు గట్టిగానున్నదో లేదోయని తండ్రి ముందుగా తానే అడుగువైచి, కఱ్ఱతో తట్టి తట్టి పరీక్షించెడివాడు. ఆయనకు ఈత రాదు! అంతటి యాటగాడు, పరుగు, దూకుడు, బంతియాటలు అన్నిటను ప్రవీణుడు. ఈతమాత్రము రాదు. పాసడీనాలోని బుధవారపు కొలను నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చినది. అదియొక్కటే కారణమని చెప్పజాలను. జ్ఞప్తికి వచ్చినదని మాత్రము చెప్పుచున్నాను.

మన దేశమునను ఇట్టి కథలకు కొఱతలేదు. పల్వంకర్ బాలూ అను చర్మకారకులజుడు 1911లో ఇంగ్లండు వెళ్లిన భారతజట్టులో నూటపదునాలుగు వికెట్లు తీసెను. పూనాలో అతడు తన బంతులతో హిందూజట్టును గెలిపించెడివాడు. విరామవేళ తేనీరు మాత్రము వానికి వెలుపల, మట్టిపిడతలో. బంతిని అందఱును ముట్టుకొనుటకు అభ్యంతరము లేదు! ఈ కథ మన పిల్లలకు బొమ్మలతో, మంచి తెలుగులో కావలయును. వ్రాయువారు మట్టిపిడతను వదలిపెట్టకుండ వ్రాయవలయును.

ఇక నా మనుమరాలి ప్రశ్న. ఆ రాత్రి నేను పుట త్రిప్పుటకు కారణము తెలియక గాదు. నా చిన్ననాట మా పెరటి బావిలో, మా పొలమున బనిచేయువాని కొడుకొకడు ఎండవేళ దాహమునకు ఆగలేక చేద వైచెను. మా పెద్దలు రెండుదినములు బావినీరు తోడించిరి. వాడు నా యీడువాడు. మేము చెఱువు క్రింద చెడుగుడు ఆడుచుండగా వాడు గట్టుమీద నిలిచి చూచెడివాడు. చెడుగుడులో ముట్టుకొనకుండ ఆట సాగదు కదా, అందుచేత వానిని చేర్చుకొనలేదు. పరుగులో మాలో నెవ్వరు వానికి సాటిరారని మాకందఱకు తెలియును. పిలిచిన వచ్చియుండును. నేను పిలువలేదు.

మూడవనాటి రాత్రి ఆ పిల్ల ఆ పుస్తకమునే మరల తెచ్చి, నీళ్ల బొమ్మ దగ్గఱ ఆపి కూర్చుండెను. ఈసారి పుట త్రిప్పలేదు. బావిసంగతి, చెఱువుగట్టుసంగతి చెప్పితిని. చాలసేపు ఊరకుండి, “అతని పేరేంటి తాతయ్యా?” అని యడిగినది.

పేరు జ్ఞప్తికి రాదేమోయని నేను భయపడితిని. వచ్చినది. చెప్పితిని. ఒక కాగితము తెచ్చి తెలుగున వ్రాసి చూపుమనెను. పెద్ద యక్షరములతో వ్రాసి యిచ్చితిని.